తెలిసిన దోషము – తెలుపవలసిన గడువు

గోడగడియారమునకు వారమున కొకసారి కీ యిచ్చుట ఒకప్పుడు మన యిండ్లలో అందరెరిగిన ఆచారము. ఎనిమిదవనాటికి అది నిలిచిపోవునని యింటిల్లిపాదికిని తెలియును. అందుచేత ఆ గడియారము చెడినదని యెవరును నిందించెడివారు కారు. ఆదివారము ఉదయమున ఎవరో యొకరు స్టూలెక్కి కీ త్రిప్పెడివారు. గడియారము మరల నడచెడిది. యంత్రమునందు లోపమున్నను, ఆ లోపమునకు గడువు తెలిసియుండుటచే కీడు కలుగలేదు. గడువు తెలియనినాడు ఆ గడియారమే మనకు రైలు తప్పించెడిది.

కంప్యూటరుల చరిత్రలో ఇట్టి గడియారములు పెక్కులు కలవు. కొంతకాలము చక్కగా నడచి, ఒకానొక గడువు దాటినంతనే తప్పుడు లెక్కలు చెప్పుట, లేక పూర్తిగా నిలిచిపోవుట వీని లక్షణము. ఆపి మరల నడపినచో అన్నియు చక్కబడును. దోషమును తెలియును, ఉపాయమును తెలియును. అయినను ఒకచోట ప్రాణములు పోయినవి. మరియొకచోట ప్రమాదము వెంట్రుకవాసిలో తప్పినది. తెలిసిన దోషము ఏల ప్రాణము తీసినదో, ఏల వేరొకచోట తీయలేదో పరిశీలించుటయే మా యీ ప్రసంగమునకు విషయము.

కంప్యూటరుపై మనము చేయు పనులన్నింటికిని అడుగున ఒక మూలప్రోగ్రాము ఎడతెగక నడుచుచుండును. దానిని ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. పెండ్లివారింట పెత్తనము వహించిన పెద్దమనిషివంటిది అది. వంటకెవరు, వడ్డనకెవరు, ఏ పంక్తి ముందు కూర్చుండవలెను అని ఆయన చూచుకొన్నట్లే, ఏ ప్రోగ్రామునకు ఎంతసేపు యంత్రము నప్పగింపవలెను, ఎవరికెంత మెమొరీ యీయవలెను, ఏ పని ముందు, ఏది వెనుక అని నిర్ణయించునది ఇదియే. ఈ పెత్తనమునకు కాలపు లెక్క ముఖ్యము. కంప్యూటరు కాలమును ముండ్లతో గాక అంకెలతో కొలుచును. సెకండునకో, సెకండులో వెయ్యవ వంతునకో ఒకటి చొప్పున కూడుకొనుచు పోవును.

ఆ లెక్క వ్రాసికొను పలకకు గదులు పరిమితములు. చాలకాలము 32 గదులు వాడుకలో నుండెను. ఒక్కొక్క గదిలో సున్న గాని ఒకటి గాని మాత్రమే పట్టును. అన్ని గదులును నిండిన పిమ్మట మరియొకటి చేర్చినచో, కారులోని మైళ్ల మీటరు 99999 దాటి 00000కు వచ్చినట్లు, లెక్క మొదటికి వచ్చును. కాలము వెనుకకు మరలినదని యంత్రము భ్రమించును. ఇది యొక జాతి దోషము. భిన్నములను కుదించి వ్రాయుటలో కలుగు అణుమాత్రపు తేడా గంటగంటకు పెరుగుచు పోవుట రెండవ జాతి. ఈ రెండును యంత్రము నాపి మరల మొదలిడినంతనే మాయమగును. అందుచేతనే ఆపి వేయుట కంప్యూటరు వైద్యములో చిట్కావైద్యమై నిలిచినది.

ముందుగా శుభముగా ముగిసిన కథ చెప్పుకొందము. 1969 జూలై 20వ తేదీన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, బజ్ ఆల్డ్రిన్ అను వ్యోమగాములు చంద్రునిపై దిగుచుండగా, వారి నౌకలోని కంప్యూటరు 1202 అను అంకెను చూపి హెచ్చరించెను. ఆ కంప్యూటరును మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన ప్రయోగశాల రూపొందించినది. హాల్ లానింగ్ అను శాస్త్రజ్ఞుడు దానికి ఎగ్జిక్యూటివ్ అను నిర్వాహక ప్రోగ్రామును కల్పించెను. చేయవలసిన పనులు చేయగల శక్తిని మించినవని 1202 సంఖ్యకు అర్థము. దిగుటకు అక్కరలేని ఒక రాడారునుండి వచ్చు సంకేతములు కంప్యూటరు కాలములో కొంత భాగమును వృథాగా తినివేయుచుండెను. అట్టి సమయమున ఏమి చేయవలెనో ఆ ప్రోగ్రాము వ్రాసినవారు ముందే యోచించియుండిరి. యంత్రము తనంతట తానే మరల మొదలై, అల్పమైన పనులను విడిచి, నౌకను దించు ముఖ్యమైన పనిని విడిచినచోటినుండి కొనసాగించెను.

యంత్రము చక్కదిద్దుకొన్నంత మాత్రమున చాలదు. క్రిందనున్న మనుష్యులకు ఆ సంగతి తెలియవలెను. ప్రయాణమునకు కొలది దినముల ముందు హ్యూస్టన్‌లో జరిగిన అభ్యాసమున శిక్షకులు ఈ జాతి హెచ్చరికనే కల్పించిరి. నియంత్రణశాలలోనివారు కంగారుపడి, దిగుట మానుకొమ్మని ఆజ్ఞ యిచ్చిరి. ఆ యాజ్ఞ అనవసరమని పిమ్మట తేలెను. అప్పుడు జాక్ గార్మన్ అను యువ ఇంజనీరు హెచ్చరిక సంఖ్యలన్నింటికి చేతివ్రాతతో ఒక పట్టిక సిద్ధము చేసెను. ఏ సంఖ్య కేది యర్థమో, ఏది వచ్చినపుడు కొనసాగవచ్చునో, ఏది వచ్చినపుడు వెనుదిరుగవలెనో అందు వ్రాసియుండెను. అసలు దినమున 1202 కనబడగానే ఆయన ఆ పట్టికను చూచి స్టీవ్ బేల్స్ అను మార్గనిర్దేశాధికారికి భయము లేదని చెప్పెను. బేల్స్ కొనసాగుడనెను. నౌక చంద్రునిపై దిగినది. ఒక కాగితపు ముక్కపై తెలిసిన దోషములను వరుసగా వ్రాసికొనుట ఎంతటి మేలు చేసినదో గమనింపుడు.

రెండేండ్ల తరువాత, 1971 నవంబరు 3వ తేదీతో, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో యూనిక్స్ అను ఆపరేటింగ్ సిస్టమ్‌నకు మొదటి కరదీపిక వెలువడెను. కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ దాని నిర్మాతలు. ఆ పుస్తకమున ఒక్కొక్క యాజ్ఞను వివరించు పుటలో బగ్స్ అను శీర్షిక కలదు. బగ్ అనగా పురుగు. కంప్యూటరువారి పరిభాషలో దోషము. ఆ శీర్షిక క్రింద, తాము చేసిన వస్తువులో తమకు తెలిసిన లోపములను కర్తలే వ్రాసిపెట్టిరి. తన బియ్యములో రాళ్లున్నవని దుకాణదారుడు తానే చెప్పుటవంటి దిది. అంతేకాదు. ఆ నాటి యూనిక్స్ కాలమును సెకండులో అరువదవ వంతు చొప్పున 32 గదులలో లెక్కించెడిది. ఆ గదులు ఇంచుమించు 829 దినములకే నిండును. అవి కొలదికాలములోనే నిండునని ఆ కరదీపికయే చదువరులకు తెలిపినది. పిమ్మట కర్తలు పద్ధతి మార్చి, 1970 జనవరి 1వ తేదీ మొదలుగా సెకండ్ల చొప్పున లెక్కించిరి. దీని కథ ముందు మరల రానున్నది.

ఇక దుఃఖాంతమైన కథ. 1991 గల్ఫ్ యుద్ధమున ఇరాక్ సైన్యము స్కడ్ అను క్షిపణులను ఇజ్రాయెల్ మీదికిని, సౌదీ అరేబియా మీదికిని ప్రయోగించెను. మన తెలుగు జిల్లాలనుండి ఎందరో పొట్టచేతబట్టుకొని పోవు ప్రాంత మది. వచ్చుచున్న క్షిపణిని ఆకాశముననే కొట్టుటకు అమెరికావారు పేట్రియట్ అను క్షిపణి వ్యవస్థను నిలిపిరి. దాని రాడారు ఒక వస్తువును మొదటిసారి చూచినంతనే, దాని వేగమును బట్టి మరుక్షణమున అది ఏ చోట నుండవలెనో కంప్యూటరు గణించును. రాడారు ఆ చోటనే మరల చూచును. అచ్చట నున్నచో అది క్షిపణి. లేనిచో ఏదో భ్రాంతి యని విడిచివేయును. ఈ గణనకు కాలము మిక్కిలి సూక్ష్మముగా తెలియవలెను.

ఆ కంప్యూటరు గడియారము సెకండులో పదవ వంతు చొప్పున లెక్కించెడిది. దానిని సెకండ్లలోనికి మార్చుటకు పదవ వంతుతో గుణింపవలెను. మన దశాంశ పద్ధతిలో మూడవ వంతును వ్రాయబూనినచో 0.333 అనుచు అంతులేకుండ సాగునుగదా! సున్న, ఒకటి అను రెండంకెలతోనే వ్రాయు కంప్యూటరు పద్ధతిలో పదవ వంతుకు అదే గతి పట్టును. పేట్రియట్ కంప్యూటరు దానిని 24 గదులలో కుదించి వ్రాసికొనెను. మిగిలిన తోక తెగిపోయెను. ఒక్కొక్క లెక్కకు వచ్చు తేడా 0.000000095 మాత్రమే. కాని 100 గంటలలో అట్టి లెక్కలు 36 లక్షలు. అన్నియు కూడగా తేడా సెకండులో మూడవ వంతు వరకు వచ్చును. స్కడ్ క్షిపణి సెకండునకు ఒకటిన్నర కిలోమీటరునకు మించి పోవునది. అనగా రాడారు చూచు చోటు అర కిలోమీటరునకు పైగా తప్పిపోవును.

వ్యవస్థను రూపొందించినవా రీ సంగతిని గమనింపలేదా యని శ్రోతలు అడుగవచ్చును. అది మొదట ఐరోపాలో సోవియట్ విమానముల నెదుర్కొనుటకు ఉద్దేశింపబడినది. శత్రువు కనిపెట్టకుండ చోటు మార్చుచు, ఒక్కొక్కచోట కొలది గంటలు మాత్రమే నడపుదురని భావించిరి. చోటు మార్చినపుడెల్ల యంత్రము ఆగి మరల మొదలగును. తేడా తుడిచిపెట్టుకొని పోవును. ఎడారిలో ఆ వ్యవస్థ ఒకేచోట రాత్రింబవళ్లు కావలి కాయవలసివచ్చెను. పని మారెను, గడియారము మారలేదు.

ఇజ్రాయెల్ వారు దీనిని ముందే పసిగట్టిరి. 8 గంటలు ఎడతెగక నడచినంతనే రాడారు చూచు చోటు నూటికి 20 పాళ్లు ప్రక్కకు జరుగుచున్నదని వారిచ్చిన సమాచారము 1991 ఫిబ్రవరి 11వ తేదీన అమెరికా సైన్యపు పేట్రియట్ కార్యాలయమునకు చేరెను. ఆ లెక్కను బట్టి చూచినచో 20 గంటలు దాటిన పిమ్మట క్షిపణిని గుర్తించుటయే సాధ్యము కాదు. ఫిబ్రవరి 16వ తేదీకి సవరించిన ప్రోగ్రాము సిద్ధమయ్యెను. యుద్ధరంగములోని దళములన్నింటికి దానిని చేర్చుటకు దినములు పట్టును. ఈలోగా, ఫిబ్రవరి 21వ తేదీన, దళములకు ఒక సందేశము పంపిరి. చాల దీర్ఘకాలము నడపినచో రాడారు గురి జరుగవచ్చునని అందలి సారము. చాల దీర్ఘకాలమనగా ఎన్ని గంటలో అందు చెప్పలేదు. ఎన్ని గంటల కొకసారి ఆపి వేయవలెనో చెప్పలేదు. అంతసేపు ఎవరును నడపరని అధికారులు తలచిరి.

ఆపి మరల వేయుట ఒకటి రెండు నిమిషముల పని. 1991 ఫిబ్రవరి 25వ తేదీన దహ్రాన్ నగరమును కాపాడు పేట్రియట్ దళపు కంప్యూటరు ఆగకుండ నడుచుట మొదలై 100 గంటలు దాటెను. ఆ రాత్రి వచ్చిన స్కడ్‌ను రాడారు తప్పుడు చోట వెదకెను; కనబడలేదు; విడిచివేసెను. ఆ క్షిపణి అమెరికా సైనికులు వసించు శాలపై పడి 28 మందిని చంపెను. సవరించిన ప్రోగ్రాము మరునాడు, ఫిబ్రవరి 26న, దహ్రాన్ చేరినది. అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ కార్యాలయము 1992లో ప్రకటించిన నివేదికయందు ఈ తేదీలన్నియు వరుసగా నున్నవి. దోషము తెలిసి రెండు వారములాయెను. ఉపాయమును చేతిలోనే యుండెను. లోపించినది ఒక్క అంకె: ఎన్ని గంటలు?

సామాన్యుల యిండ్లలోనికి వచ్చిన కంప్యూటరులందును ఇట్టి గడువు దాగియుండెను. 1995 ఆగస్టు 24న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 95 అను ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేసెను. అది మొదలైన క్షణమునుండి సెకండులో వెయ్యవ వంతుల చొప్పున 32 గదులలో కాలమును లెక్కించుచుండును. 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 వరకు వచ్చుసరికి గదులు నిండిపోవును. అది 49 దినముల, 17 గంటల, 2 నిమిషముల, 47 సెకండ్లకు సమానము. ఆ క్షణము దాటినచో యంత్రము బిగుసుకొని పోవచ్చును. విండోస్ 98లోను ఇదే దోషము. సంస్థ దీనిని ప్రకటించి సవరణ నిచ్చినది 1999లో. ఇంతకాలము బయటపడకుండుటకు కారణము చిత్రమైనది. ఇతర కారణములచేత అంతకు ముందే ఎన్నో పర్యాయములు ఆగిపోవుటయో, ఆపివేయుటయో జరుగుటచే, ఆ యంత్రము 49 దినములు ఎడతెగక నడచుట అరుదు! ఒక దోషము మరియొక దోషమును కప్పిపుచ్చినది.

ఇండ్లలో అది నవ్వులాట. ఆకాశమున కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి పామ్‌డేల్ కేంద్రమునుండి లాస్ ఏంజెలిస్ పరిసరములలో ఎత్తుగా ఎగురు విమానములను నియంత్రింతురు. 2004 సెప్టెంబరు 14వ తేదీ సాయంకాలమున అచ్చటి అధికారులకును విమాన చోదకులకును నడుమ రేడియో సంభాషణ ఒక్కసారిగా తెగిపోయెను. మాటల వ్యవస్థలోని ఒక కంప్యూటరు విభాగము కూడ మిల్లీసెకండ్ల లెక్కను 32 గదులలో నడపుచుండుటయే కారణము. ఆ సంగతి అధికారులకు తెలియును. అందుచేత 30 దినములకొకసారి ఆ యంత్రమును మనుష్యులు ఆపి మరల వేయవలెనని నియమము చేసిరి. ఆ నెల ఆ పని జరుగలేదు. గడువు నిండగానే యంత్రము నిలిచిపోయెను. దానికి తోడుగా నుంచిన రెండవ యంత్రమును పని చేయలేదు. మూడు గంటలకు మించి మాట లేదు. తెరపై విమానములు దగ్గరపడుచున్నవి. చూచుచున్న అధికారులు చెప్పుటకు దారి లేదు. కనీసము ఐదు తావుల విమానములు నియమిత దూరమునకంటె చేరువగా వచ్చినవి. విమానములలోనే యున్న ఢీ నివారణ సాధనముల హెచ్చరికలు చోదకులకు తోడ్పడినవి. ఎవరికిని ప్రాణహాని కలుగలేదు.

దహ్రాన్‌లో గడువు చెప్పలేదు. పామ్‌డేల్‌లో గడువు చెప్పిరి. కాని దానిని జ్ఞాపకముంచుకొను భారమును ఒక మనిషిపై మోపిరి. మనిషికి సెలవులుండును, జ్వరములుండును, మరపుండును. కీ యిచ్చు మనిషి ఊరికి పోయిన వారమున గడియారము నిలిచినట్లే ఇదియు జరిగినది. తప్పు ఆ వ్యక్తిది మాత్రమే యనుట మాకు న్యాయముగా తోచదు. ప్రతి నెలయు తప్పక జరుగవలసిన పనిని యంత్రమునకే నేర్పుట, లేక గడువు సమీపించినపుడు గంట మ్రోగునట్లు చేయుట అసాధ్యము కాదు.

అనుభవము కొంత పాఠము నేర్పినదనుటకు మరియొక యుదాహరణము కలదు. బోయింగ్ 787 విమానమునందు విద్యుత్తును నియంత్రించు విభాగములు నాలుగు కలవు. అవి 248 దినములు ఎడతెగక నడచినచో లోపలి లెక్క నిండిపోయి, నాలుగును ఒకేసారి విద్యుత్తును నిలిపివేయగలవని ప్రయోగశాల పరీక్షలలో తేలెను. సెకండులో నూరవ వంతుల చొప్పున లెక్కించినచో, 32 గదులలో ఒకటి ధన, ఋణ చిహ్నమునకు పోగా మిగిలిన 31 గదులు సరిగా అన్ని దినములకే నిండును. అమెరికా విమానయాన శాఖ 2015లో ఉత్తరువు జారీ చేసి, 120 దినములు దాటకుండ ఒకసారి విమానపు విద్యుత్తును పూర్తిగా నిలిపివేయవలెనని విధించెను. ప్రమాదమేదియు జరుగకమునుపే దోషమును ప్రకటించిరి. గడువు నంకెలతో చెప్పిరి. ఒకసారి మరచినను ప్రమాదము చేరువ కాకుండునట్లు అసలు గడువులో సగమునే నియమించిరి. దహ్రాన్ సందేశముతో దీనిని పోల్చి చూడుడు.

ఇక యూనిక్స్ కథకు మరల వత్తము. 1970 జనవరి 1 మొదలుగా సెకండ్లను 32 గదులలో లెక్కించు పద్ధతి యూనిక్స్‌నుండి దాని సంతతి కంతటికి సంక్రమించెను. ఒక గది ధన, ఋణ చిహ్నమునకు పోగా, ఆ లెక్క 2038 జనవరి 19వ తేదీన నిండును. మన దేశ కాలమానము ప్రకారము మంగళవారము ఉదయము 8 గంటల 44 నిమిషముల 7 సెకండ్లకు. మరుసెకండున, సవరింపబడని యంత్రము తాను 1901 డిసెంబరులో నున్నట్లు తలచును. గదులను 64కు పెంచుట దీనికి సరియైన మందు. అప్పుడు లెక్క కోట్లాది సంవత్సరములకు సరిపోవును. నేటి పెద్ద కంప్యూటరులలో చాలవరకు ఈ మార్పు జరిగినది. పాతజాతి 32 గదుల యంత్రములపై నడచు లినక్స్ కూడ 2020లో ఇందుకు సిద్ధమైనది. కాని కర్మాగారములలో, మీటరులలో, వాహనములలో అణగియున్న చిన్న కంప్యూటరులు ఒకసారి అమర్చినచో ఏండ్ల తరబడి ఎవరును ముట్టరు. చిక్కు వానితోనే.

ఇట్టి తేదీ చిక్కు తెలుగువారికి క్రొత్త కాదు. సంవత్సరమును రెండంకెలతో మాత్రమే వ్రాసికొనిన ప్రోగ్రాములు 2000 సంవత్సరమును 1900గా భ్రమించునను భయము 1990 తరువాతి ఏండ్లలో ప్రపంచమంతటను వ్యాపించెను. లక్షలాది పంక్తుల పాత ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా చదివి దిద్దు పనికి తెలుగునాటనుండి ఎందరో యువతీయువకులు అమెరికా మొదలగు దేశములకు వెళ్లిరి. పేరు రాని పని యది. సరిగా చేసినచో ఏమియు జరుగదు. ఏమియు జరుగనందున భయమే వట్టిదని లోకు లనుకొందురు. కొన్ని తావుల మాత్రము సంవత్సరమును నాలుగంకెలకు పెంచుటకు బదులు, ఫలానా సంఖ్యకు లోబడినది 2000 తరువాతిదనియు, మించినది అంతకు ముందుదనియు భావింపుమని యంత్రమునకు చెప్పి సరిపెట్టిరి. అది దోషమును తీర్చుట కాదు; గడువును ముందుకు జరుపుట. జరిపినవారు ఉద్యోగము విడిచిపోయినను గడువు మాత్రము అచ్చటనే కూర్చుండియుండును.

దోషము లేని యంత్రమును మనుష్యుడు ఇంతవరకు చేయలేదు. దానికై ఎవరిని నిందించుటయు మా యుద్దేశము కాదు. తాత్కాలికమైన ఉపాయముతో పని గడుపుకొనుటయు తప్పు కాదు. అట్టి ఉపాయము చెప్పువారు మూడు సంగతులు విడువక చెప్పవలెనని యీ చరిత్ర బోధించుచున్నది. ఏది చెడును? ఎన్ని గంటలకు, ఎన్ని దినములకు చెడును? దానిని తప్పక చక్కదిద్దు భారము ఎవరిది? మొదటిది మాత్రము చెప్పి రెండవది చెప్పనిచోట 28 మంది మరణించిరి. రెండును చెప్పి మూడవదానిని మనిషి జ్ఞాపకమునకు విడిచినచోట ఆకాశము మూడు గంటలు మూగవోయెను. మూడును చెప్పినచోట చెప్పుకొనదగిన కథయే లేకపోయెను. 2038 జనవరి 19వ తేదీ ఉదయము కూడ అట్లే చెప్పుకొనుట కేమియు లేకుండ గడచిపోవలెనన్నచో, ప్రతి కర్మాగారమునందును, ప్రతి కార్యాలయమునందును తమ పాత యంత్రములలో ఏవి ఏ తేదీకి నిలుచునో నేడే ఒక కాగితముపై వ్రాసిపెట్టుకొనవలెను.